ఏ పేపర్లో వచ్చింది?

మదనపల్లె టమాటా మార్కెట్టులో వేలము మొదలగు వేళకు నిమ్మనపల్లె, రామసముద్రము, పుంగనూరు వైపులనుండి కాయ దింపుకొన్న రైతులు మండీల ముందు గుమిగూడియుందురు. నిన్న కాయ ఎంత పలికినదో వారిలో అనేకులు పత్రికలో చూచి వచ్చినవారే. మొదటి రకము కిలో ఇంతయని అచ్చులో పడిన అంకెను వారెవ్వరును శంకింపరు. అది తప్పైనచో మధ్యాహ్నములోపల రైతులు, వ్యాపారులు, హమాలీలు అందరును దానిని తప్పని నిలదీయగలరు గనుక ఆ జాగ్రత్త పత్రికకును కలదు, ఆ ధీమా పాఠకునకును కలదు. అదే రైతు తన ఊరి పోలీసు స్టేషను ముందు జరిగిన ధర్నాను గూర్చియో, తన మండలములోని చెరువు ఆక్రమణను గూర్చియో ఇతరులు చెప్పుకొనగా విన్నప్పుడు మాత్రము, "నిజమేనా?" అని అడుగుటకు ముందే "ఏ పేపర్లో వచ్చింది?" అని అడుగుచున్నాడు. పేపరు పేరు తెలిసినంతనే అందులో ఎవరిని మెచ్చియుందురో, ఎవరిని దూషించియుందురో చదువకయే చెప్పగలడు. ఈ ప్రశ్న మన నాలుకకు ఎంత అలవాటైపోయినదనగా, ఇట్లడుగవలసి వచ్చుట ఒక దుర్దశయను తలపు కూడ మనకు కలుగుట మానినది.

2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయము అగ్నికి ఆహుతియైనది. మరునాడే రాష్ట్ర డీజీపీ హెలికాప్టరులో వచ్చి శిథిలములను పరిశీలించెను. భూముల దస్త్రములు, అందును రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22ఏ జాబితాకు సంబంధించినవి, దగ్ధమైనవని, ఇది కుట్రయని ప్రభుత్వ పక్షము అనుమానించెను. తమపై కక్షతో అల్లిన కథయని ప్రతిపక్షము ఖండించెను. రాజకీయ పక్షములు అట్లు పలుకుట వింత కాదు. కాని బూడిద చల్లారకముందే మన పత్రికలు, వార్తా ఛానళ్లు కూడ ఆ రెండు పక్షములుగనే చీలి, ఒకవైపువారు దోషిని నిర్ణయించిరి, మరియొకవైపువారు నిర్దోషిత్వమును నిర్ణయించిరి. నేరమెవరిదో తేల్చుట దర్యాప్తు సంస్థలకును న్యాయస్థానమునకును సంబంధించిన పని. పత్రిక చేయవలసిన పని వేరొకటి యుండెను. ఏ గ్రామముల దస్త్రములు పోయినవి, వాని నకళ్లు తహసీల్దారు కార్యాలయములలో నున్నవా లేవా, ప్రభుత్వ భూమికి డీకేటీ పట్టా పొందిన బీదరైతు తన హక్కును నిరూపించుకొనుటకు ఎవరిని ఆశ్రయింపవలెను అను ప్రశ్నలే ఆ వారమంతయు మదనపల్లె డివిజనులోని కుటుంబములను నిద్రపోనీయని ప్రశ్నలు. పతాకశీర్షికలలో నాయకుల పేర్లు నిండిపోయినవి గాని, ఈ ప్రశ్నలకు మూలనున్న చిన్న అక్షరములలో సైతము తగినంత చోటు దొరకలేదు.

పుంగనూరులోను ఇట్లే జరిగినది. 2023 ఆగస్టు 4వ తేదీన అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు సాగునీటి ప్రాజెక్టుల సందర్శనార్థము వచ్చిన సందర్భమున పట్టణ సమీపమున ఘర్షణ చెలరేగి, పోలీసులు పలువురు గాయపడిరి. పోలీసు వాహనములు దగ్ధమైనవి. తరువాత అనేకులు అరెస్టయిరి. ఒకవైపు తెర చూచినవానికి అది ముందుగా పన్నిన దాడి. మరియొకవైపు తెర చూచినవానికి అది కావలెనని రెచ్చగొట్టి తెచ్చిపెట్టిన కలహము. చూపిన పొగ ఒక్కటే, చూపిన రాళ్లు ఒక్కటే, వాని చుట్టునల్లిన మాటలు మాత్రము ఒకదానితో నొకటి పొసగవు. ఆ రోడ్డుప్రక్క అంగడిలో నిలిచి కన్నులార చూచినవాడు ఏమి చెప్పెనో, ఎన్ని గంటలకు ఎవరు ఎటు కదలిరో, ఒక్క వరుసలో పేర్చిచెప్పిన వార్త కొరకు వెదకిన పాఠకునకు నిరాశయే మిగిలినది.

కుప్పము సంగతి మరియు విచిత్రము. 1989 మొదలుకొని చంద్రబాబునాయుడునే శాసనసభ్యునిగా ఎన్నుకొనుచున్న నియోజకవర్గమగుటచే, ఒక వర్గము పత్రికలలో అది స్వర్గఖండము, మరియొక వర్గము పత్రికలలో అది నిర్లక్ష్యమునకు నిలువెత్తు రూపము. 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయము కలిగి, తమిళ కన్నడములు తెలుగుతో కలసి బజారులో వినవచ్చు ఈ ముక్కూడలి ప్రదేశమున, తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి రాత్రికి ఇల్లు చేరు కూలీలు వేలకొలది యున్నారు. వారి బ్రతుకు నాయకుని మెప్పునకును పనికిరాదు, నిందకును పనికిరాదు. కావున వారు వార్త కానేరరు. 2023 జనవరిలో, రహదారులపై సభలను నియంత్రించు జీవో నంబరు 1 వెలువడిన వెంటనే, చంద్రబాబునాయుని కుప్పము పర్యటనను పోలీసులు అడ్డగించినప్పుడు ఆ ఊరు పతాకశీర్షికలకెక్కినది. అదే సంవత్సరము మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసినది.

పత్రికలకు పక్షమే ఉండరాదని నా వాదము కాదు. మన పత్రికలు పుట్టినదే పక్షము వహించి. 1902లో మచిలీపట్టణమున వెలసిన కృష్ణాపత్రిక గాని, కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించి 1914లో చెన్నపురినుండి దినపత్రికగా నడిపిన ఆంధ్రపత్రిక గాని తటస్థములు కావు. మదనపల్లెకే ఈ చరిత్రతో దగ్గరి బంధుత్వము కలదు. 1915లో ఇచ్చట కళాశాలను స్థాపించిన అనీబిసెంటమ్మయే చెన్నపురిలో న్యూ ఇండియా పత్రికను నడిపినది. 1910నాటి ప్రెస్ చట్టము క్రింద ప్రభుత్వము 1916లో ఆమెనుండి ధరావతు కోరి, దానిని జప్తు చేసినను ఆమె స్వపరిపాలనా వాదమును దాచుకొనలేదు. ఆ పత్రికలోనే పనిచేయుచుండిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్, డబ్లిన్ నగరములో 1916లో జరిగిన తిరుగుబాటును ప్రశంసించుచు వ్రాసిన వ్యాసము కారణముగా పత్రికను విడువవలసివచ్చి, మదనపల్లె కళాశాలకు అధ్యాపకుడై వచ్చెను. 1919లో రవీంద్రుడు జనగణమనను ఆంగ్లీకరించినది కజిన్స్ దంపతుల ఆతిథ్యములోనే. వీరందరును పక్షము వహించినవారు, దాని మూల్యమును తాము చెల్లించినవారు. నేటి పక్షపాతమునకు మూల్యము చెల్లించువాడు పాఠకుడు. లాభము మాత్రము మరియొకరిది. తేడా ఇచ్చటనే యున్నది.

లాభముల మార్గము కొంత వివరింపవలసియున్నది. 1974లో విశాఖపట్టణమున ఈనాడు వెలువడినది. 1989 నాటికి జిల్లాకొక ప్రత్యేక అనుబంధము వచ్చి, అంతవరకు పత్రికలో పేరే కనబడని పల్లెలు అచ్చుకెక్కినవి. ఇది సామాన్యమైన మేలు కాదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటనుండి లేచిన సారావ్యతిరేక స్త్రీల ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించుటకు ఆ జిల్లా పుటలు చేసిన సాయము మరువరానిది. కాని ఆ పుటలు నింపుటకు మండలమునకొక విలేకరి కావలసివచ్చెను. అతనికి జీతమిచ్చు ఏర్పాటు మాత్రము వెంట రాలేదు. నేటికిని మండల విలేకరులలో అధికసంఖ్యాకులు, అచ్చైన మేరకు కొలిచి ఇచ్చు లైన్ అకౌంటు మీద బ్రతుకవలసినవారే. పెట్రోలు ఖర్చు వారిదే. పండుగకును, నాయకుని పుట్టినరోజునకును ప్రకటనలు తెచ్చి లక్ష్యమును పూర్తిచేయవలసిన భారమును వారిదే. ఉదయము ఏ కాంట్రాక్టరును ప్రకటన అడిగెనో, అతని రోడ్డు మొదటి వానకే కొట్టుకొనిపోయినదని సాయంకాలము ఎట్లు వ్రాయగలడు? వ్రాసినను డెస్కునందున్నవారు ఎట్లు అచ్చువేయగలరు? ఈ విలేకరిని నిందించుట తేలిక. అతనిని ఆ స్థితిలో నిలిపినవారిని గూర్చి మాటలాడుట అవసరము.

ఈ బేరము 2009 ఎన్నికలలో బహిరంగమైనది. అభ్యర్థులనుండి డబ్బు గైకొని ప్రకటనను వార్తవలె అచ్చువేయు పెయిడ్ న్యూస్ పద్ధతిని గూర్చి ఆంధ్రప్రదేశ్ యూనియన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్టులవారు పశ్చిమగోదావరిజిల్లాలో స్వయముగా పరిశీలన జరిపిరి. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తాయు, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డియు కలసి 2010లో 71 పుటల నివేదిక వ్రాసిరి. కౌన్సిల్ దానిని యథాతథముగా ప్రకటింపక, సంస్థల పేర్లు లేని చిన్న నివేదికను వెలువరించినది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించినమీదటనే 2011లో పూర్తి నివేదిక ప్రజలకు దక్కినది. పత్రికల తప్పును గూర్చిన వార్త పత్రికల చేతనే మరుగుపడుట ఇందులో మిక్కిలి విచారకరమైన భాగము.

ప్రభుత్వముల హస్తము దీనికి తోడైనది. విస్తృత ప్రచారముగల దినపత్రిక కొనుక్కొనుటకై గ్రామ, వార్డు వాలంటీర్లకు నెలకు 200 రూపాయలు ఇచ్చునట్లు 2022లో ఉత్తర్వు వెలువడినది. అప్పుడు వాలంటీర్ల సంఖ్య 2,66,000 ప్రాంతము. అది అప్పటి ముఖ్యమంత్రి కుటుంబమునకు చెందిన సాక్షి పత్రికకు మేలుచేయుటకే యని ఈనాడు యాజమాన్యము న్యాయస్థానమునకెక్కగా, 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును ఢిల్లీ హైకోర్టునకు బదిలీచేసినది. ఒక ప్రభుత్వ కాలమున ఏబీఎన్, టీవీ5 ఛానళ్లు ఆంధ్రప్రదేశ్ కేబుళ్లలో కనబడకపోవుటయు, 2024 జూన్‌లో ప్రభుత్వము మారినంతనే టీవీ9 మున్నగు ఛానళ్లు నిలిచిపోగా ఢిల్లీ హైకోర్టు పునరుద్ధరింపుడని ఆదేశించుటయు మనము చూచినవే. అధికారములో నున్నవారు మారిరి, పద్ధతి మారలేదు.

2024లో రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ జరిపిన సర్వేలో వార్తలను సాధారణముగా నమ్ముదుమన్నవారు ఫిన్లాండులో నూటికి 69 మంది, మన దేశమున 41 మంది, అమెరికాలో 32 మంది. మనదేశపు లెక్క ఆంగ్లము తెలిసి ఇంటర్నెట్టు వాడువారిది మాత్రమే. మండీల ముందు నిలిచిన రైతు అందులో లేడు. ఫిన్లాండులో 1968 నుండి పత్రికలు తామే ఏర్పరచుకొన్న మండలి యున్నది. అది తప్పని తేల్చినచో ఆ తీర్పును ఆ పత్రిక తన పుటలలోనే ప్రకటింపవలెను. మన ప్రెస్ కౌన్సిల్ 1966లోనే ఏర్పడినది గాని దానికి హెచ్చరించుటకును, మందలించుటకును మించి శిక్షించు అధికారము లేదు. టెలివిజను దాని పరిధిలోనే లేదు.

నమ్మదగిన వార్త లేనిచోట మనుష్యులు వార్త వినుట మానరు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో ప్రాకిన పుకారు ఉభయ తెలుగు రాష్ట్రములలోను, ప్రక్కనున్న తమిళనాడులోను బిచ్చగాండ్రను, బాటసారులను కొట్టించినది, కొందరి ప్రాణములను బలిగొన్నది. ఆ రోజులలో "పేపర్లో లేదు గనుక అబద్ధము" అని చెప్పగల పెద్దమనిషి ఊరికొకడున్నను ఆ రక్తము చిందకపోయెడిదేమో. పూర్వమట్టి మాట చెల్లుబడియగుచుండెను.

కావున యజమానులను కోరునవి రెండే. మండల విలేకరికి జీతమిండు. ప్రకటనలు తెచ్చు పనినుండి అతనిని విడిపింపుడు. పాఠకులకొక మనవి. మీ ఊరిలో మీరు కన్నులార చూచిన సంఘటన తప్పుగా అచ్చైనప్పుడు "వాళ్లంతే" అని పత్రికను మడిచి ప్రక్కన పెట్టకుడు. తేదీ, పుట, తప్పు, నిజము వ్రాసి ముందుగా సంపాదకునకు ఉత్తరము పంపుడు. సవరణ రానియెడల, దినపత్రిక విషయమున రెండు నెలలలోపల ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయుహక్కు మదనపల్లెలోనున్న రైతునకును, పుంగనూరు అంగడివానికిని, కుప్పము కూలీకిని సమానముగనే కలదు. ఆ ఉత్తరము మీ పక్షము పత్రికకైనను వ్రాయుడు. ముందుగా దానికే వ్రాయుడు.