పాస్‌బుక్‌లో లైన్ల మీద లైన్లు పడ్డాయా? కారణం ఇదీ.. ఏం చేయాలంటే!

ఫోన్‌లోనే బ్యాలెన్స్ చూసుకునే మీకు పాస్‌బుక్‌తో పెద్దగా పని ఉండకపోవచ్చు. ఇంట్లో అమ్మానాన్నల పింఛను ఖాతాకు మాత్రం ఇప్పటికీ అదే ఆధారం. ఏదైనా ఆఫీసులో ఆరు నెలల ఎంట్రీలు చూపించమన్నప్పుడు అంకెలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటే ఆ జిరాక్స్ ఎందుకూ పనికిరాదు. అయితే కంగారు పడకండి. ప్రింట్ చెడినంత మాత్రాన ఖాతాలో డబ్బు మారదు. అసలు లెక్క బ్యాంకు సర్వర్‌లో భద్రంగానే ఉంటుంది.

పాస్‌బుక్‌లు ప్రింట్ చేసేది సాధారణంగా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే. సన్నటి పిన్నులు ఇంకు రిబ్బన్‌ను కొడితే కాగితంపై చుక్కలు పడతాయి, ఆ చుక్కలే అక్షరాలవుతాయి. కుట్టు ఉన్న పుస్తకంపై ముద్రించడానికి ఇది బాగా పనికొస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, మీ పుస్తకంలో ఇప్పటికే ఏం ముద్రించి ఉందో ప్రింటర్ చదవదు. 'చివరిసారి 14వ లైన్ దాకా వేశాం' అని బ్యాంకు సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత 15 నుంచి మొదలుపెడుతుంది.

ఈ లెక్క తప్పితేనే గొడవ. ప్రింట్ పడ్డాక, ఆ సంగతి నమోదయ్యేలోపు నెట్‌వర్క్ పోయిందనుకోండి. మళ్లీ అవే ఎంట్రీలు అదే చోట పడతాయి. మధ్యలో పుస్తకం లాగేస్తే దీనికి రివర్స్: అన్నీ వేసేశానని సిస్టమ్ అనుకుంటుంది, పుస్తకంలో మాత్రం ఖాళీ మిగులుతుంది. కియోస్క్‌లో స్క్రీన్ అడిగిన పేజీ కాకుండా వేరేది తెరిచి పెట్టినా పాత వరుసలపైనే కొత్తవి పడొచ్చు.

లైన్లు ఏటవాలుగా వస్తే మాత్రం సాఫ్ట్‌వేర్‌ను అనక్కర్లేదు. పేజీ మూల మడత పడి ఉంటుంది, లేదా పుస్తకం వంకరగా లోపలికి వెళ్లి ఉంటుంది. జేబులో రెండుగా మడిచి తిప్పే పుస్తకాలకు ఇది మామూలే! అక్షరాలు ఒకవైపు మాత్రమే వెలిసిపోతే ప్రింటర్ హెడ్‌కు, కాగితానికి మధ్య దూరం సరిగా లేకపోవచ్చు. అది మెకానిక్ పని.

మీరు చేయాల్సింది ఇదీ. పేజీని చేత్తో సాఫు చేసి, స్టాపిల్ పిన్నులు, మధ్యలో దాచిన స్లిప్పులు తీసేసి పెట్టండి. మెషిన్ తనంతట తాను బయటకు వదిలేదాకా పుస్తకం లాగొద్దు. అప్పటికే చెడిపోయి ఉంటే కియోస్క్‌లో మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి, ఇంకో పేజీ పాడవుతుంది. కౌంటర్‌లో 'ఫలానా తేదీ నుంచి కొత్త పేజీలో మళ్లీ వేయండి' అని తేదీ చెప్పి అడగండి. లైన్ నంబర్‌ను వాళ్లు సరిచేయగలరు. అర్జెంటయితే ఆ కాలానికి స్టేట్‌మెంట్ తీసుకుని, బ్యాంకు ముద్ర, సంతకం వేయించుకోండి.

వ్యక్తుల సేవింగ్స్ ఖాతాలకు పాస్‌బుక్ సౌకర్యం ఇవ్వాలని, అందుకు ఖర్చు వసూలు చేయొద్దని రిజర్వ్ బ్యాంకు 2006లోనే బ్యాంకులకు చెప్పింది. పుస్తకం పోగొట్టుకుని డూప్లికేట్ అడిగితే మాత్రం రుసుము ఉండొచ్చు. శాఖలో పట్టించుకోకపోతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు నంబర్ దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. చెడిన పేజీ ఫొటో కూడా జతచేయండి.