సుంకం రైతుది, సంఘం ఎవరిది?

అమెరికాలో పశువులు పెంచే రైతు ఒక పశువును అమ్మిన ప్రతిసారీ తలకు ఒక డాలరు సుంకం కట్టాలి. 1985లో చట్టం చేశారు, 1986 నుంచి వసూలు మొదలుపెట్టారు. ఇష్టం ఉన్నా లేకున్నా కట్టాల్సిందే. పశుమాంసానికి ప్రచారం, పరిశోధన, కొత్త మార్కెట్లు వెతకడం ఈ డబ్బుతో చేస్తారు. ఏడాదికి సుమారు 8 కోట్ల డాలర్లు పోగవుతాయి. అంత డబ్బు కట్టిన రైతు ధర కూలిన రోజున 'మా తరఫున మాట్లాడే వాడేడీ?' అని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకు అంటారేమో. ఆ దేశంలో పశువులు కొనే పెద్ద కంపెనీల్లో ఒకటి బ్రెజిల్‌కు చెందిన జేబీఎస్. 2007లో స్విఫ్ట్ అనే కంపెనీని కొని అమెరికాలో కాలుపెట్టింది. బ్రెజిల్‌లో మాంసం పశువుల్లో ఎక్కువ భాగం 'నెలోర్' జాతి. అంటే మన నెల్లూరు పేరు మీద అక్కడ స్థిరపడిన ఒంగోలు సంతతే. బంధుత్వం అంతవరకు ఉంది. అసలు సంగతి వేరు. అక్కడి రైతుకు వచ్చిన చిక్కు పాలు పోసే రైతుకైనా, గుడ్లు అమ్మే రైతుకైనా రేపు రావచ్చు.

నలుగురే కొనేవాళ్లు

అక్కడ పశుపోషణ రెండు చేతులు మారుతుంది. రైతు దూడను పెంచి ఫీడ్‌లాట్ వాళ్లకు అమ్ముతాడు. వాళ్లు దాణా పెట్టి బలిపించి మాంసం కంపెనీకి అమ్ముతారు. ఈ కంపెనీలను ప్యాకర్లు అంటారు. టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్ ఈ నాలుగే. బలిసిన పశువుల్లో నూటికి 85 దాకా వీళ్లే కొంటారు. అమ్మేవాళ్లు లక్షల్లో, కొనేవాళ్లు నలుగురు. బేరం ఎటు మొగ్గుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మన సంతల్లో దళారీలు తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చెయ్యడం మీరు చూసే ఉంటారు. పక్కవాడికి ధర తెలియదు. కాని చేతులు కలిపిన ఇద్దరికైనా తెలుస్తుంది. అమెరికాలో ఫార్ములా ఒప్పందం అని ఒకటుంది. అందులో మాట ఇచ్చేనాటికి ధర ఇద్దరికీ తెలియదు. 'బహిరంగ బేరంలో పలికిన ధరను బట్టి ఇస్తాం' అని రాసుకుంటారు. పశువు నాణ్యతను బట్టి కొంత కలుపుతారు, కొంత కోస్తారు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ బహిరంగ బేరమే సన్నగిల్లిపోయింది. టెక్సాస్, ఓక్లహోమా, న్యూమెక్సికో ప్రాంతంలో పదింట ఒక పశువు కూడా బేరం మీద అమ్ముడుపోని కాలం వచ్చింది. యార్డుకు పది బస్తాలు వస్తే ఆ ధరే ఊరందరి పంటకూ కట్టినట్టు.

ఫ్యాక్టరీ కాలితే లాభం పెరిగింది

2014 చివర్లో బలిసిన పశువు నూరు పౌన్లకు, అంటే సుమారు 45 కిలోలకు, 170 డాలర్లు పలికింది. 2016 అక్టోబరు నాటికి నూరు డాలర్ల దగ్గరకు పడిపోయింది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకోటి తగిలింది.

2019 ఆగస్టు 9న కాన్సాస్ రాష్ట్రం హోల్కంబ్‌లో టైసన్ కంపెనీ కబేళా కాలిపోయింది. రోజుకు 6 వేల పశువులు కోసే ఫ్యాక్టరీ అది. వెంటనే పశువు ధర పడింది, మాంసం ధర పెరిగింది. మధ్యలో మిగిలింది ప్యాకర్ల చేతికి పోయింది. 2020 వసంతంలో కోవిడ్ వచ్చి కార్మికులు మంచాన పడ్డారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దుకాణంలో మాంసం దొరకలేదు. దొడ్లో బలిసిన పశువును కొనే నాథుడు లేడు. మాంసం ధరకూ పశువు ధరకూ తేడా నూరు పౌన్లకు 279 డాలర్లు దాటిందని అమెరికా వ్యవసాయ శాఖ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. 2001లో ధరల నమోదు తప్పనిసరి చేశాక అంత తేడా ఎప్పుడూ లేదు. ఎవరైనా చట్టం తప్పారా అన్నది మాత్రం ఆ నివేదిక తేల్చలేదు.

ఆర్థిక నిపుణుల మాట కూడా వినాలి. కోసే వసతి తగ్గితే పశువులు మిగిలిపోతాయి, మాంసం కొరత పడుతుంది, తేడా పెరగడం సహజమే అంటారు వాళ్లు. అందులో నిజం లేకపోలేదు. 'ఫ్యాక్టరీ కాలింది వాళ్లది, నష్టపోయింది మేమా?' అని రైతు అడగడంలోనూ నిజం ఉంది.

నాయకుల మాట

పశుపోషకుల సంఘాల్లో పెద్దది నేషనల్ క్యాటిల్‌మెన్స్ బీఫ్ అసోసియేషన్. 1996లో రెండు సంస్థలు కలిసి ఏర్పడింది. సుంకం డబ్బుతో జరిగే పనుల్లో పెద్ద వాటా కాంట్రాక్టు దీనిదే. ఇందులో ప్యాకర్లకూ సభ్యత్వం ఉంది. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ధర మాట ఎవరెత్తుతారు? ఇది నచ్చని రైతులు 1998లో ఆర్-కాఫ్ అనే వేరే సంఘం పెట్టుకున్నారు. 2019 అక్టోబరులో ఒమాహా నగరంలో రైతులు సభ పెట్టి, ప్యాకర్లను, తమ నాయకులను కలిపే నిలదీశారు.

ప్యాకర్లు వారంవారం కొనే పశువుల్లో సగం బహిరంగ బేరం మీదే కొనాలని 2020లో సెనేటర్లు గ్రాస్లీ, టెస్టర్ బిల్లు పెట్టారు. పెద్ద సంఘం వద్దంది. 'బలవంతం పెడితే నాణ్యమైన పశువుకు వచ్చే అదనపు ధర పోతుంది, రైతులూ ప్యాకర్లూ స్వచ్ఛందంగా బేరాలు పెంచుకోవాలి' అని సొంత పథకం ప్రకటించింది. 2021 మొదటి మూడు నెలల్లోనే ఆ పథకం గురి తప్పింది. ఆ ఏడాది మే నెలలో ఫీనిక్స్‌లో ఆరు సంఘాలు ఒకచోట కూర్చుని కొన్ని విషయాల్లో ఒప్పుకున్నాయి. సవరించిన బిల్లు 2022లో సెనేట్ వ్యవసాయ కమిటీ దాటింది గాని చట్టం కాలేదు.

డాలరు లెక్క

సుంకం డబ్బుతో ప్రభుత్వం దగ్గర పైరవీ చెయ్యకూడదని చట్టంలోనే ఉంది. అయినా ఒకే కప్పు కింద రెండు పద్దులు నడిస్తే అనుమానం పోదు. 2010లో లెక్కలు తనిఖీ చేస్తే తేడాలు బయటపడి, సంఘం 2 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టింది. సుంకం కట్టం అని కోర్టుకెక్కిన వాళ్లకు 2005లోనే సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. ఆ ప్రచారం ప్రభుత్వం మాటే అవుతుంది కాబట్టి రైతు కట్టాల్సిందే అని తీర్పు. సుంకం ఉండాలా వద్దా ఓటు పెట్టమని 2020, 21లో సంతకాలు సేకరించారు. పశుపోషకుల్లో నూటికి పదిమంది సంతకం చెయ్యాలి. అన్ని కుదరలేదు.

తీరా జరిగిందేమిటి? 2017లో 7 లక్షల 29 వేల మంది మాంసం ఆవులు పెంచేవాళ్లు ఉంటే 2022కి 6 లక్షల 22 వేలే మిగిలారు. అయిదేళ్లలో లక్ష పైచిలుకు దొడ్లు ఖాళీ. కరువు కూడా తోడై, 2025 జనవరి నాటికి దేశంలో మొత్తం పశువులు 8 కోట్ల 67 లక్షలకు దిగాయి. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ లేదు. పశువులు తగ్గాక ధర రికార్డు స్థాయికి ఎక్కింది. అది దొడ్డి అమ్ముకున్న రైతుకు అక్కరకొచ్చే ధర కాదు.

మనం అడగాల్సినవి

మన కోడిగుడ్ల రైతులు 1982లో నెక్ పెట్టుకున్నది ధర చెప్పే హక్కు వ్యాపారి చేతిలోంచి తమ చేతికి తెచ్చుకోవాలనే. పాల సంఘం పుట్టిందీ అందుకే. కనక మీ సంఘం సర్వసభ్య సమావేశానికి ఈసారి తప్పకుండా వెళ్లండి. నాలుగు సంగతులు అడగండి. నా పాల బిల్లులో కోత ఎంత, ఏ పద్దు కింద పోతోంది? పాలకవర్గంలో పాలు పోసేవాళ్లు ఎందరు, కొనే వ్యాపారంతో లావాదేవీ ఉన్నవాళ్లు ఎందరు? వెన్న శాతం కొలిచిన చీటీ నా చేతికిస్తారా? ధర తగ్గించే ముందు ఎవరిని అడిగారు?

జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి, చదివి, అప్పుడే సంతకం పెట్టండి. ధర బాగున్న రోజుల్లోనే అడగండి. ధర పడ్డాక ఎవరి గొడవ వాళ్లది.