పశువైద్యములో పరిమిత అనుమతి: ఎవరు ఎంతవరకు చేయవచ్చును?

పాడిగేదె మేత మానివేసి తల వాల్చి నిలబడినపుడు రైతు ముందుగా ఎవరిని పిలుచును? చాల గ్రామములలో దగ్గర నున్నవారినే. ఆయన మందుల సంచి తగిలించుకొని మోటారు సైకిలుపై వచ్చును. ఊరివారందరు ఆయనను డాక్టరుగారనియే పిలుచుదురు. ఆయన పశువైద్య కళాశాలలో పట్టా పొందినవారు కావచ్చును. రెండేండ్ల డిప్లొమా చదివిన పశుసంవర్ధక సహాయకుడు కావచ్చును. కృత్రిమ గర్భధారణ మాత్రమే నేర్చిన గోపాలమిత్ర కావచ్చును. ఏ శిక్షణయు లేక, ఎవరివెంటనో తిరిగి సూది వేయుట నేర్చినవాడు కూడ కావచ్చును. పిలుపు ఒకటే అయినను చట్టము దృష్టిలో ఈ నలుగురు ఒకటి కారు. ఈ తేడా తెలియనందువలన కలుగు నష్టము చివరకు పశువు యజమాని మీదనే పడును.

నేను వ్యవసాయశాఖవాడను, పశువైద్యుడను కాను. అయినను ఎరువుల సంగతి చెప్పుటకు పొలమునకు వెళ్ళినపుడు రైతులు సగము సేపు గేదెల సంగతియే అడుగుచుందురు. కనుక ఈ విషయమును తెలిసినంతవరకు ఇక్కడ వివరించుచున్నాను.

మన దేశములో పశువైద్య వృత్తికి ఆధారము 1984లో పార్లమెంటు చేసిన భారత పశువైద్య మండలి చట్టము. గుర్తింపు పొందిన పట్టా గలవారి పేర్లు రిజిస్టరులో నమోదు చేయుదురు. ఇప్పుడు ఆ పట్టా బి.వి.యస్సి. అండ్ ఎ.హెచ్. దానికి ఆసుపత్రి శిక్షణతో కలిపి అయిదున్నర సంవత్సరముల చదువు. రిజిస్టరులో పేరున్నవారే ప్రభుత్వములో పశువైద్యుని పదవిలో ఉండవచ్చును, పశువైద్యము వృత్తిగా చేయవచ్చును, చట్టరీత్యా కావలసిన పశు ఆరోగ్య ధ్రువపత్రముపై సంతకము చేయవచ్చును, పశువైద్య విషయములలో నిపుణులుగా కోర్టులో సాక్ష్యము చెప్పవచ్చును. ఈ నాలుగును 30వ సెక్షనులో ఉన్నవి.

అదే సెక్షనులో ఒక మినహాయింపు కలదు. ఏదైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖగాని, దేశములోని పశువైద్య సంస్థగాని ఇచ్చిన డిప్లొమా లేక సర్టిఫికెటు గల సూపర్వైజర్లను, స్టాక్‌మెన్లను, స్టాక్ అసిస్టెంట్లను చిన్న పశువైద్య సేవలు చేయుటకు రాష్ట్ర ప్రభుత్వము ఉత్తర్వు ద్వారా అనుమతింపవచ్చును. అయితే ఆ పని రిజిస్టరైన పశువైద్యుని పర్యవేక్షణలో, ఆయన ఆదేశము ప్రకారము జరుగవలెను. చిన్న సేవలనగా టీకాలు వేయుట, కోడెలకు విత్తులు నొక్కుట, పుండ్లకు కట్టు కట్టుట వంటి ప్రథమ చికిత్స అని చట్టమే చెప్పుచున్నది. ఇంకను కొన్నిటిని చేర్చవలెనన్న రాష్ట్ర ప్రభుత్వము గెజిటులో ప్రకటింపవలెను. గెజిటులో లేనిదానిని అలవాటు చేర్చజాలదు.

ఈ మినహాయింపు దయతో ఇచ్చినది కాదు, అవసరమును బట్టి వచ్చినది. మన ప్రాంతములో పట్టా చదువు ఆలస్యముగా వచ్చినది. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో ఆరంభమైనది. హైదరాబాదు కళాశాల 1946లోను, ఆంధ్ర ప్రాంతపు కళాశాల 1955లో బాపట్లలోను మొదలైనవి. బాపట్లది తరువాత తిరుపతికి తరలినది. ఆ పట్టభద్రులు ప్రతి గ్రామమునకు చాలునంతమంది ఎన్నడును లేరు. ముసర వ్యాధినే తీసికొనుడు. 1954లో దేశవ్యాప్తముగా దాని నిర్మూలన పథకము మొదలైనది. ఇంటింటి దొడ్డికి తిరిగి కోట్ల టీకాలు వేయుట పట్టభద్రులవలన మాత్రమే అగు పని కాదు. స్టాక్‌మెన్లు, టీకా సిబ్బంది మంచు పెట్టెలు మోసికొని తిరిగిరి. భారతదేశమునకు ఆ వ్యాధి నుండి విముక్తి 2006లోను, ప్రపంచమునకు 2011లోను ప్రకటింపబడినవి. పరిమితమైన అనుమతి చిన్న మేలు చేయునని ఎవరును అనుకొనరాదు.

పూర్వము కొన్ని రాష్ట్రములలో డిప్లొమా గలవారు కూడ రాష్ట్ర చట్టముల క్రింద నమోదై వైద్యము చేయుచుండిరి. 1984 చట్టము వచ్చిన తరువాత తమ హక్కు పోరాదని వారు సుప్రీంకోర్టు వరకు వెళ్ళిరి. 2007లో ఉదయసింగ్ దాగర్ కేసులో కోర్టు చట్టమునే సమర్థించినది. పట్టా లేనివారు చిన్న సేవలకే పరిమితులని దాని సారాంశము. చాల ఏండ్లుగా పనిచేసినవారికి అది కష్టముగానే తోచియుండును. అయినను హద్దు ఎందుకు కావలెనో రెండు ఉదాహరణలు చెప్పెదను.

ఈనిన రెండు మూడు రోజులలో బాగా పాలిచ్చు ఆవుగాని గేదెగాని కూలబడి, మెడ డొక్కవైపు త్రిప్పి, చెవులు చల్లబడి పడియుండును. ఇది పాలజ్వరము. సున్నపు లవణమును, అనగా కాల్షియమును, నరమునకు ఎక్కించినచో గంటలోపల లేచి నిలబడిన పశువులు ఎన్నియో కలవు. చూచినవారికి ఇది సులువుగా కనిపించును: సీసా ఒకటి, గొట్టము ఒకటి, సూది ఒకటి. కాని ఆ మందు వేగముగా ఎక్కినచో గుండె ఆగిపోవును. అందుచేత పశువైద్యుడు గుండె చప్పుడు వినుచు మెల్లగా ఎక్కించును, లయ తప్పగానే ఆపును. పైగా ఈనిన పశువు పడిపోవుటకు పాలజ్వరమే కారణమని లేదు. గర్భసంచిలో చీము పట్టినను, ఈతలో నరములు దెబ్బతిన్నను పడిపోవచ్చును. అప్పుడు అదే సీసా ప్రాణము తీయవచ్చును. సూది వేయుట నేర్చుకొనుటకు వారము చాలును. ఎప్పుడు వేయరాదో తెలియుటకే అయిదున్నర ఏండ్లు పట్టుచున్నవి.

రెండవది దొమ్మరోగము, అనగా ఆంత్రాక్స్. ముందు ఏ జబ్బు లేని పశువు హఠాత్తుగా చచ్చిపడును. ముక్కు, నోరు, వెనుకభాగము నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారును. తెలియనివాడు చావుకు కారణము చూచెదనని పొట్ట కోయును, లేదా తోలు ఒలిపించును. గాలి తగిలిన వెంటనే ఆ క్రిములు గట్టి బీజములుగా మారి ఆ నేలలో దశాబ్దముల తరబడి బ్రతికియుండును. కోసినవానికిని, మాంసము తిన్నవారికిని రోగము సోకును. పశువైద్యుడు అట్టి శవమును కోయడు. చెవి నరము నుండి ఒక బొట్టు రక్తము తీసి గాజుపలకపై పూసి పరీక్షకు పంపును. శవమును సున్నముతో లోతుగా పూడ్పించును. ఇక్కడ గొప్పతనము కోయుటలో లేదు, కోయకుండుటలో ఉన్నది.

టీకాలలో కూడ ఆదేశము లేనిదే కుదరదు. ఈసుడు రోగపు టీకా నాలుగు నుండి ఎనిమిది నెలల వయసు గల పెయ్యదూడలకే వేయవలెను. చూలు పశువుకు వేసినచో ఈసుకొనిపోవచ్చును. అది ప్రాణమున్న టీకా కనుక వేయువాని చేతికి గుచ్చుకొన్నచో ఆయనకే జ్వరము రావచ్చును. ఏ దూడకు వేయవలెనో డాక్టరు నిర్ణయించి, సహాయకుడు చేతి తొడుగులతో వేసినచో ఇద్దరి పనియు సక్రమముగా జరిగినట్లే.

గ్రామాధికారులు ముఖ్యముగా గమనింపవలసినది సంతకము సంగతి. బీమా కట్టిన గేదె చనిపోయినదనుకొందము. వైద్యము చేసిన సహాయకుడే జాలితో మరణపత్రము వ్రాసియిచ్చినను బీమా కార్యాలయమువారు దానిని త్రోసిపుచ్చుదురు. అప్పటికి శవము పూడ్చబడియుండును, చెవి పోగు పోయియుండును, మరల పరీక్షకు వీలుండదు. రైతు గేదెను పోగొట్టుకొన్నది ఒకసారి, సొమ్మును పోగొట్టుకొన్నది రెండవసారి. పశువులను లారీలోగాని రైలులోగాని దూరము తరలించునపుడు 1978 నాటి నియమముల ప్రకారము కావలసిన పత్రమును కూడ అర్హతగల పశువైద్యుడే ఇవ్వవలెను. విషము పెట్టిరను తగాదాలు, పశుహింస కేసులు పోలీసు స్టేషనుకు వెళ్ళినపుడు పంచనామాతోపాటు పశువైద్యుని నివేదిక లేకున్న కేసు నిలబడదు. కావున పశువు చనిపోయిన కబురు రాగానే పూడ్చుటకు ముందే పశువైద్యశాలకు తెలియజేయించుడు.

ఇట్టి పరిమిత ఏర్పాట్లు మనకే ప్రత్యేకము కాదు. బ్రిటనులో 1966 నాటి పశువైద్యుల చట్టము పూర్తి నమోదుకు అర్హత లేనివారికి, ఫలానా చోట, ఫలానా పరిస్థితులలో మాత్రమే పనిచేయవలెనను షరతుతో తాత్కాలిక నమోదు ఇచ్చుటకు వీలు కల్పించినది. మన చట్టములో విదేశీ పట్టాలకు వేరే అనుబంధము కలదు. అందులో లేని పట్టాతో వచ్చినవారు ఎంత చదివినను నేరుగా ఇక్కడ వైద్యము మొదలుపెట్టరాదు.

ఈ వ్రాతవలన మీ ఊరి సహాయకుని చిన్నచూపు చూడవలెనని అర్థము కాదు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాల కాలములో తెల్లవారకముందే దొడ్డి వాకిట నిలబడునది ఆయనయే. మీరు అడుగవలసినది రెండు మాటలే: "మీరు ఏ డాక్టరుగారి క్రింద పనిచేయుచున్నారు? ఈ మందు వారు చెప్పినదేనా?" మంచి సహాయకుడు దీనికి నొచ్చుకొనడు, ఫోను తీసి డాక్టరుగారితో మాట్లాడించును. వాడిన మందు పేరు, మోతాదు, తేదీ ఒక చీటిపై వ్రాయించుకొని దాచుడు. క్రిమిసంహారక సూదులు వేసినపుడు ఎన్ని రోజులు పాలు అమ్మరాదో కూడ ఆ చీటిపైననే వ్రాయించుడు.

పశువు కూలబడినను, ఈత కష్టమైనను, గర్భసంచి బయటపడినను, హఠాత్తుగా చనిపోయినను సహాయకునితో ఆగక పశువైద్యుని పిలిపింపవలెను. రెండు తెలుగు రాష్ట్రములలోను సంచార పశువైద్య వాహనమునకు 1962 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఫోను చేయునపుడు ఊరు, మండలము, పశువు ఈనిన తేదీ, అప్పటికే ఏ సూది వేయించితిరో తప్పక చెప్పుడు.