తుదిమాట ఎవరిది?

విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లింపక ఒక గృహస్థు న్యాయస్థానమున కెక్కినచో, అది రాజ్యముల అధికారమును తేల్చు వ్యాజ్యమగునని మనమెవ్వరము తలపము. కాని ఇటలీలో అట్లే జరిగినది. 1962లో ఆ దేశప్రభుత్వము విద్యుత్పరిశ్రమను జాతీయము చేయగా, మిలాను నగరవాసి ఫ్లామినియో కోస్టా రెండువేల లీరాలకు మించని బిల్లును చెల్లింప నిరాకరించెను. జాతీయకరణ శాసనము 1957 నాటి రోము ఒడంబడికకు విరుద్ధమని ఆయన వాదము.

తరువాత వచ్చిన దేశశాసనమే చెల్లునని 1964లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానము పలికెను. అదే సంవత్సరము జూలై 15వ తేదీన లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము వేరుగా పలికెను: సభ్యరాజ్యములు తమ అధికారములలో కొన్నింటిని తామే సమష్టికి అప్పగించినవి, కావున సమష్టి శాసనమునకే ప్రాబల్యము.

ఈ ప్రాబల్యము నిచ్చినదెవరు? ఒడంబడికలో ఆ మాట లేదు. ప్రజలు నేరుగా వోటు చేసి ఇచ్చినదియు కాదు. అందుచే జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము 1974లో ఒక షరతు పెట్టెను. ప్రాథమిక హక్కులకు సమష్టిలో తగిన రక్షణ ఏర్పడునంతవరకు దాని శాసనములను తాను పరీక్షింతుననెను. 1986లో ఆ రక్షణ ఏర్పడినదని తృప్తిపడెను. అయినను, ఒడంబడికలకు యజమానులు సభ్యరాజ్యములే యని 1993లో మరల చాటెను.

ఇక ప్రజల సంగతి. 1979 నుండి ఐరోపా పార్లమెంటును పౌరులే ఎన్నుకొనుచున్నారు. కాని సాధారణముగా శాసనమును ప్రతిపాదించు హక్కు ఆ సభకు లేదు; అది కమిషనుది. 2005లో ఐరోపా రాజ్యాంగ ఒడంబడికను ఫ్రెంచి, డచ్చి ప్రజలు త్రోసిపుచ్చిరి. అందలి అంశములు పెక్కు లిస్బను ఒడంబడికగా 2009లో అమలులోనికి వచ్చినవి. ఈసారి ప్రజల వోటు కోరినది ఐర్లండు ఒక్కటే. సమాఖ్యనుండి వైదొలగు మార్గమును గూడ ఆ ఒడంబడికయే స్పష్టపరచెను. 2016లో ప్రజాభిప్రాయము తీసికొని, 2020 జనవరి 31న బ్రిటను ఆ దారినే వెడలిపోయెను.

మన దేశమందు కేంద్రమునకును రాష్ట్రములకును వివాదము వచ్చినచో ఉభయులకు పైన ఒకే రాజ్యాంగము, ఒకే సర్వోన్నత న్యాయస్థానము గలవు. ఐరోపాలో తుదిమాట నేటికిని తేలలేదు. తేలకుండుటయే ఉభయులను అదుపులో నుంచుచున్నదని కొందరందురు. అందు నిజము లేకపోలేదు. కాని న్యాయస్థానములు ఒకదానినొకటి అదుపు చేసినంత మాత్రమున పౌరునికి తృప్తి కలుగదు. తనకు నచ్చని శాసనమును చేసినవారిని తన వోటుతో దింపగలనన్న నమ్మకము అతనికి కావలెను. ఆ నమ్మకము నిలుపుటయే ఐరోపా సమాఖ్యకు అసలు పరీక్షయని మేము తలంచుచున్నాము.