తాజమహలు

ఉత్తర ప్రదేశ్ రాష్ట్రమున యమునానది ఒడ్డున ఆగ్రా నగరము కలదు. మొగలు చక్రవర్తుల రాజధానులలో అది యొకటిగా నుండెను. ఆ నగరమున, నదికి కుడిగట్టున, పాలరాతితో కట్టిన సమాధి మందిరమొకటి నిలిచి యున్నది. అదియే తాజమహలు. దానిని చూచుటకై దేశదేశముల నుండి ఏటేట లక్షలకొలది జనులు వచ్చుచుందురు. ఉదయమున లేత గులాబి వన్నెతోను, మధ్యాహ్నమున కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లదనముతోను, వెన్నెల రాత్రులందు వెండివలెను అది కానవచ్చును. దూరమునుండి చూచువారికి అది నేలపై నిలిచిన కట్టడమువలె గాక, ఆకసమున తేలు తెల్లని మేఘమువలె తోచును. కాని ఆ మేఘము వెనుక ఎంత బరువున్నదో, ఆ బరువును నిలుపుటకు ఎందరి తెలివియు, ఎందరి శ్రమయు ధారవోయబడినవో తెలిసికొన్నచో దాని యందము ఇనుమడించును.

ఈ మందిరమును కట్టించినవాడు షాజహాను చక్రవర్తి. ఇతడు జహంగీరు చక్రవర్తి కుమారుడు, తొలిపేరు ఖుర్రము. ఇతడు 1612వ సంవత్సరమున ఆసఫ్ ఖాను అను ప్రభువు కుమార్తెయైన అర్జుమంద్ బాను బేగమును పెండ్లాడెను. ఆమె నూర్జహాను రాణికి మేనకోడలు. ఆమెకే ముంతాజ్ మహల్ అను బిరుదము కలిగెను. అంతఃపురమున శ్రేష్ఠురాలని దాని భావము. ఖుర్రము తండ్రిపై తిరుగుబాటు చేసి ఊరూర తిరిగిన కష్టకాలమునందును ఆమె భర్తను విడిచి యుండలేదు. 1628వ సంవత్సరమున అతడు సింహాసన మెక్కగా ఆమె పట్టమహిషి యయ్యెను.

ఆ వైభవము మూడేండ్లకు మించి నిలువలేదు. దక్షిణమున యుద్ధము సాగుచుండగా చక్రవర్తి తపతీ తీరమునందలి బుర్హాన్‌పూరులో విడిది చేసి యుండెను. అచట 1631వ సంవత్సరము జూన్ మాసమున ముంతాజ్ మహల్ తన పదునాల్గవ బిడ్డను కని, ఆ ప్రసవముననే కన్నుమూసెను. ఆమె కన్న బిడ్డలలో ఏడుగురే బ్రతికి బట్టకట్టిరి. లెక్కకు మించిన సేనయు, తరగని ధనమును ఉండియు చక్రవర్తి తన ఇల్లాలి ప్రాణమును నిలుపుకొనలేకపోయెను. ఆ దుఃఖమున అతని గడ్డము త్వరలోనే నెరసెననియు, చాలకాలము అతడు సంగీతమును, మేలి వస్త్రములను విడిచెననియు ఆస్థాన చరిత్రకారులు వ్రాసిరి. రాణి దేహమును మొదట తపతీ నది ఆవలి యొడ్డున ఒక తోటలో ఉంచి, ఆరు మాసముల తరువాత ఆగ్రాకు తరలించిరి. 1632వ సంవత్సరమున సమాధి మందిర నిర్మాణము ఆరంభమయ్యెను.

మందిరమునకై ఎన్నుకొన్న స్థలము అంబరు రాజైన జయసింహునిది. చక్రవర్తి దానికి బదులుగా అతనికి నాలుగు భవనముల నిచ్చెను. స్థలము రమ్యమైనదే, కాని నది ఒడ్డు కావున నేల మెత్తనిది. అంతటి బరువు దానిపై నిలుచుటెట్లు? ఇందులకు ఆనాటి నిర్మాతలు ఒక ఉపాయము పన్నిరి. నదివైపున వరుసగా బావులు లోతుగా త్రవ్వించి, వానిని రాళ్లతోను, సున్నముతోను గట్టిగా నింపిరి. ఆ రాతి స్తంభములపై విశాలమైన అరుగును కట్టి, దానిపై మందిరమును నిలిపిరి. చూపరు లెవ్వరికిని కానరాని ఆ బావులే, అందరును మెచ్చుకొను ఆ గుమ్మటమును నాటి నుండి నేటి వరకు మోయుచున్నవి.

ఇట్టి కట్టడము ఒక్కసారిగా ఎవరి మనస్సుననో పుట్టినది కాదు. 16వ శతాబ్దమున ఢిల్లీలో కట్టిన హుమాయూను సమాధి నుండి ఉన్నతమైన వేదికయు, నడుమ పెద్ద గుమ్మటమును, చుట్టును ఉద్యానమును గ్రహింపబడినవి. ఆగ్రాలోనే యమున ఆవలి యొడ్డున ముంతాజ్ మహల్ తాతగారైన ఇతిమాదుద్దౌలా సమాధి యున్నది. 1628వ సంవత్సరమునకు పూర్తియైన ఆ చిన్న కట్టడమున తెల్లని పాలరాతియందు రంగురాళ్లు పొదుగు పని కానవచ్చును. ఈ రెండింటిలోని మేలు గుణములును తాజమహలునందు పరిపక్వము నొందినవి. ప్రధాన స్థపతి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ. ఈ సంగతి అతని కుమారుడు రచించిన పద్యముల వలన తెలియవచ్చుచున్నది. పనుల పర్యవేక్షణమును ముకర్రమత్ ఖాను, మీర్ అబ్దుల్ కరీము అను అధికారులు వహించిరి.

తెల్లని రాయి రాజస్థానమునందలి మక్రానా గనుల నుండి వచ్చెను. అవి ఆగ్రాకు వందల కిలోమీటర్ల దూరమున నున్నవి. రాయి తెచ్చుటకు బండ్లను, రాళ్లు కోయువారిని సమకూర్చవలసినదని చక్రవర్తి జయసింహునకు పంపిన ఆజ్ఞాపత్రములు నేటికిని నిలిచి యున్నవి. మందిరమంతయు పాలరాతి దిమ్మెలతో పేర్చినది కాదు. లోపలి గోడల కూర్పు ఇటుకలును సున్నమును. పైని పాలరాతి పలకలు తాపబడినవి. ద్వారములకును, ప్రక్క కట్టడములకును ఆగ్రా పరిసరములందు దొరకు ఎర్రని ఇసుకరాయిని వాడిరి. ఆ ఎరుపు ప్రక్కన నుండుట చేతనే పాలరాతి తెలుపు మరింత స్వచ్ఛముగా తోచుచున్నది.

ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అనువాడు ఆ కాలమున మన దేశమున సంచరించెను. గోల్కొండ రాజ్యములోని వజ్రపు గనులను చూచి వర్ణించినవాడును ఇతడే. తాజమహలు నిర్మాణమున ఇరువదివేలమంది ఇరువదిరెండేండ్లు పనిచేసిరని ఇతడు వ్రాసెను. యాబది లక్షల రూపాయలు వ్యయమైనవని ఆస్థాన చరిత్రకారుడైన లాహోరీ వ్రాసెను. ప్రధాన మందిరము 1643వ సంవత్సరము నాటికి సిద్ధమయ్యెను. ప్రక్క కట్టడములు, ప్రాంగణములు ముగియుటకు మరికొన్ని యేండ్లు పట్టెను.

దక్షిణమున నున్న గొప్ప ఎర్రరాతి ద్వారమును దాటి లోనికి పోయినచో నలుచదరపు ఉద్యానము కానవచ్చును. దాని ప్రతి ప్రక్కయు సుమారు 300 మీటర్లు. నీటి కాలువలు దానిని నాలుగు భాగములుగా విభజించుచున్నవి. నడుమ నున్న పాలరాతి కొలనులో మందిరపు నీడ కానవచ్చును. హుమాయూను సమాధి తోట నడుమ నున్నది. ఇచ్చట మందిరము తోట చివర, నది యంచున నున్నది. అందుచేత దాని వెనుక చెట్లు గాని, ఇండ్లు గాని అడ్డురావు. ఆకాశమొక్కటియే తెరగా నిలుచును. మేఘమువలె తోచుటకు గల రహస్యము లలో ఇది యొకటి.

మందిరమునకు పడమట మసీదు, తూర్పున సరిగా అట్టిదే అతిథిగృహము కలవు. మసీదునకు సరిజోడుగా నుండుటకే ఆ రెండవ కట్టడమును కట్టిరి. నడుమ సుమారు 95 మీటర్ల చదరపు పాలరాతి వేదిక. దాని నాలుగు మూలల 40 మీటర్లకు మించిన నాలుగు మీనారులు. ఇవి కొంచెము వెలుపలికి ఒరిగి యుండును. భూకంపము వలన ఎప్పుడైనను కూలినచో మందిరముపై బడక అవతలకు పడవలెనని ఇట్లు కట్టిరని చెప్పుదురు. వేదిక నడుమ, మూలలు చెక్కిన చదరపు ఆకృతిలో సమాధి మందిరము నిలిచినది. గుమ్మటముపై నున్న కలశము కొనవరకు మొత్తము ఎత్తు సుమారు 73 మీటర్లు.

గుమ్మటము చూచుటకు ఒకటియే గాని, నిజమునకు రెండు. వెలుపలి నుండి ఠీవిగా కానవచ్చుటకు గుమ్మటము మిక్కిలి ఎత్తుగా నుండవలెను. లోపల సైతము అంత ఎత్తు విడిచినచో, నిలుచున్నవానికి లోతైన బావిలో నున్నట్లు తోచును. కావున లోపల తక్కువ ఎత్తున ఒక గుమ్మటమును, దానిపై ఖాళీ విడిచి వెలుపల మరియొక గుమ్మటమును కట్టిరి. ఇట్లు లోపలి కొలతయు, వెలుపలి కొలతయు దేనికది పొందికగా నమరినవి.

ద్వారములచుట్టు నల్లరాతితో పొదిగిన ఖురాను వాక్యములున్నవి. వీనిని కూర్చిన లేఖకుడు షిరాజు నగరమునుండి వచ్చిన అమానత్ ఖాను. పైకి పోనుపోను వస్తువులు చిన్నవిగా కానవచ్చుట సహజము. అందుచేత ఎత్తు పెరిగిన కొలది అక్షరముల పరిమాణమును పెంచిరి. క్రింద నిలిచి చదువువానికి అవి యన్నియు సమానముగానే తోచును. ఇక గోడలపై పూలలతలు. పాలరాతిని రేకు ఆకారమున తొలిచి, ఆ గుంటలో సరిగా ఇముడునట్లు రంగురాతిని అరగదీసి అతికించుట ఇందలి పని. నీలిరంగునకు బదక్షాను ప్రాంతపు లాజవర్దము, ఇతర వన్నెలకు అకీకు, ఫిరోజా, జేడ్ మొదలగు రాళ్లు వాడబడినవి. ఒక్క పూవునందే అనేకములైన తునుకలు ఇమిడి యుండును. వ్రేలితో తడవినను అతుకు తెలియరాదు. ఈ పని చేయు కుటుంబములు ఆగ్రాలో నేటికిని కలవు.

నడిమి గదిలో, సన్నని జాలి పనితో చెక్కిన పాలరాతి తెర లోపల, రెండు గోరీలు కానవచ్చును. అవి గుర్తులు మాత్రమే. నిజమైన సమాధులు వాని క్రింద నేలమాళిగలో నున్నవి. ముంతాజ్ గోరీ సరిగా నడుమ నున్నది. ఆమె ప్రక్కన తరువాత చేర్చిన షాజహాను గోరీ యొక్కటియే ఈ నిర్మాణమందలి సమత్వమునకు అపవాదముగా నున్నది.

తాజమహలును గూర్చి కట్టుకథలు చాల కలవు. ఇట్టి మందిరమును మరల ఎవ్వరును కట్టకుండునట్లు చక్రవర్తి శిల్పుల చేతులు నరికించెనని లోకులు చెప్పుకొందురు. దీనికి చారిత్రకాధారము ఏమియు లేదు. స్థపతి లాహోరీ ఆ పిమ్మట ఢిల్లీలోని ఎర్రకోట నిర్మాణమున పాల్గొనుటయే దానికి తగిన సమాధానము. నది ఆవలి యొడ్డున షాజహాను తనకై నల్లరాతి తాజమహలును కట్టదలచెననుట మరియొక కథ. అచట త్రవ్వి చూడగా నల్లని మందిరపు పునాదులు కానరాలేదు. వెన్నెలను, తాజమహలు నీడను చూచి యానందించుటకు వేసిన తోటయు, కొలనును బయల్పడినవి. శిల్పులను గూర్చి నిజమైన సాక్ష్యము వేరొకటి కలదు. కట్టడమునందు పేరు చెక్కబడినవాడు అమానత్ ఖాను ఒక్కడే. కాని కొన్ని రాళ్లపై నక్షత్రములు, పూలు, స్వస్తికములు మున్నగు చిన్న గుర్తులు కానవచ్చును. అవి పేరు తెలియని రాతిపనివారు తమ పనికి పెట్టుకొన్న ఆనవాళ్లు.

మందిరమును కట్టుటతో పని ముగియదని షాజహాను ఎరుగును. అందుచేతనే దాని పోషణకై ముప్పది గ్రామముల శిస్తును, అంగళ్ల ఆదాయమును ప్రత్యేకించెను. అయినను 1652వ సంవత్సరముననే, వానకు గుమ్మటము ఉత్తర భాగమున కారుచున్నదని అతని కుమారుడు ఔరంగజేబు తండ్రికి జాబు వ్రాసెను. ఆ ఔరంగజేబే 1658వ సంవత్సరమున తండ్రిని ఆగ్రా కోటలో బంధించి రాజ్యమును గైకొనెను. షాజహాను తుది యేండ్లు ఆ కోటలోనే గడపి, 1666వ సంవత్సరమున మరణించి, భార్య ప్రక్కన సమాధి చేయబడెను.

మొగలు సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట తాజమహలును కాపాడువారు కరవైరి. సందర్శకులు సైతము గోడలలోని రంగురాళ్లను పెకలించుకొని పోయిరి. 20వ శతాబ్దారంభమున రాజప్రతినిధి కర్జను ప్రభువు మరమ్మతులు చేయించి, తోటను చక్కదిద్దించెను. 1983వ సంవత్సరమున యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను.

అయినను కంటికి కానరాని శత్రువులు బయలుదేరినవి. కర్మాగారముల పొగలోని గంధక వాయువు గాలిలోని తేమతో కలిసి ఆమ్లమగును. ఆ యామ్లము పాలరాతిని కొరికివేయును. 1996వ సంవత్సరమున భారత సర్వోన్నత న్యాయస్థానము ఆ ప్రాంతమునందలి 292 కర్మాగారములు బొగ్గును విడిచి సహజ వాయువును వాడవలెననియు, లేనిచో తరలిపోవలెననియు తీర్పు చెప్పెను. ధూళి, నుసి పేరుకొని రాయి పసుపువన్నెకు తిరిగినపుడు పురావస్తు శాఖవారు మెత్తని బంకమట్టిని గోడలకు పూసి, ఆరిన పిదప కడిగివేయుచుందురు. ఆ మట్టి మకిలను పీల్చుకొనును. మలినమైన యమునా జలములలో పెరిగిన కీటకములు గోడలపై పచ్చని మరకలు వేయుచున్నట్లు 2016వ సంవత్సరమున వెల్లడి యయ్యెను. మరకలను కడుగవచ్చును, కాని నది శుభ్రపడనిచో అవి మరల వచ్చును.

తాజమహలు ఒక చక్రవర్తి దుఃఖమునుండి పుట్టినది. అతని ధనము, స్థపతి బుద్ధి, వేలకొలది శ్రామికుల హస్తనైపుణ్యము దానికి రూపమిచ్చినవి. కట్టినవారి వంతు ఆనాడే ముగిసినది. కాపాడువారి వంతు ఏ తరమునకును ముగియదు. నదిలో చెత్త పారవేయక, పొగతో గాలిని చెరుపక, చరిత్ర చిహ్నములపై పేర్లు గీయక మెలగు ప్రతి పౌరుడును, నేల క్రింద దాగి ఆ తెల్లని గుమ్మటమును మోయుచున్న బావులవలె, దానిని నిలుపువారిలో ఒకడగును.