అరికాలి మచ్చను అలక్ష్యం చేయకండి

మా బోధన్ చెరకు తోటల్లో, నిజామాబాద్ పసుపు చేలల్లో పనిచేసే ఆడవాళ్ల కాళ్లకు ముళ్లు, ఆనెలు కొత్త కాదు. కాస్త పసుపు అద్ది 'అదే పోతుందిలే' అనుకుంటాం. అన్నీ పోవు.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనలాంటి చామనఛాయ వాళ్లకు అరుదే. వస్తే మాత్రం ఎక్కువగా అరికాలు, అరచేయి, గోటి కిందే వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

ఎలా గుర్తుపట్టాలి? దెబ్బకు కమిలిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. మెలనోమా చార జరగదు, వెడల్పవుతుంది, గోటి మొదట్లో చర్మానికీ నలుపు పాకుతుంది. చాలా గోళ్లకు సన్నని చారలుంటే మన రంగుకు మామూలే. ఒక్క గోటికే కొత్తగా వచ్చినా, అంచులు వంకరగా ఉన్న మచ్చ పెరుగుతున్నా, పుండు వారాల తరబడి మానకున్నా చర్మ వైద్యులకు చూపించాలి. ఇది ఒక్కోసారి నల్లగా కాక ఎర్రగానూ ఉంటుంది.

డాక్టరు డెర్మోస్కోపుతో చూసి, అనుమానముంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. 'కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది' అన్న మాట నమ్మకండి. ఇంట్లో బ్లేడుతో కోయడం, కాల్చడం మాత్రం వద్దు. పల్చగా ఉండగానే తీసేస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ.

గోరింటాకు, పారాణి పెట్టుకుంటే మచ్చ కనబడదు. అందుకే నేను పెట్టుకునే ముందే గోళ్లు, వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకుంటాను. మీరూ చూసుకోండి. వంగలేని అత్తగారి కాళ్లు కూడా!