సీమచింత

నాన్నగారికి నాగపూర్ బదిలీ అయింది. ఏప్రిల్‌లో కొత్త బడిలో చేరాను. స్నేహితులు లేరు. ఒకరోజు పక్క బెంచీ అబ్బాయి "జంగల్ జలేబీ" అంటూ చేయి చాపాడు. చూస్తే మా ఊరి సీమచింతకాయలే!

సీమచింత చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. దాని ప్రజాతి పేరు పిథెసెల్లోబియం. గ్రీకు భాషలో కోతి చెవిపోగు అని అర్థం. కాయ చుట్టలు తిరిగి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. జలేబీ అనడమూ అందుకే.

చింతకాయ పండినా దానంతట అది విచ్చుకోదు. సీమచింతకాయ మాత్రం పండితే ఎర్రబారి, అంచుల వెంట పగులుతుంది. లోపల నున్నని నల్ల గింజలు ఉంటాయి. వాటిని చుట్టుకొని తెల్లని లేదా గులాబీ రంగు గుజ్జు ఉంటుంది. వృక్షశాస్త్రంలో దాన్ని బీజపుచ్ఛం అంటారు. మనం తినేది అదే. పక్షులూ దానికోసమే వస్తాయి. గుజ్జు తిని, గింజను వేరేచోట వదిలేస్తాయి. అంటే ఆ గుజ్జు గింజ చెల్లించే ప్రయాణ ఛార్జీ అన్నమాట!

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. పరాయి దేశం నుంచి వచ్చింది కనుకే పేరులో 'సీమ' చేరింది. ఇప్పుడది మన ఊళ్లలో కంచెల వెంట హాయిగా పెరుగుతోంది.

ఆ రోజు కాయలు పంచిన అబ్బాయే నాగపూర్‌లో నా మొదటి స్నేహితుడు.